అమ్మ దువ్వని పాయ

నా చిన్నప్పుడు మా వాడకట్టును అందరికంటే ముందు నిద్రలేపేది నా ఏడుపు. మన ఇంట్లో కోళ్లు కూడా దీని తర్వాతే కూస్తాయని బాపు నవ్వేవాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. అమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి, నా భుజాలను తన మోకాళ్ల మధ్య బిగించి, దువ్వెన పట్టుకుందంటే నాకు పైప్రాణాలు పైనే పోయేవి.

చిట్యాల నుంచి బాగా లోపలికి నడవాల్సిన ఊరు మాది. మా వాడంతా నేతవాళ్లే. నా జుట్టు మా నాయినమ్మది. ఆమెను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. వెంట్రుక పుట్టడమే మెలికలు తిరిగి పుట్టేది. తడిసినప్పుడు మెడ దాకా దిగినట్టు కనిపించి, ఆరీ ఆరగానే చెవుల మీదికి ముడుచుకుపోయేది. మా అమ్మకేమో పట్టుకుచ్చులాంటి నిటారు జుట్టు, విప్పితే నడుము దాటేది. అలాంటి తల్లికి ఇలాంటి కూతురేమిటని అడగని మనిషి లేదు. గుండు చేయిస్తే తర్వాత వచ్చే జుట్టు సాపుగా వస్తుందని ఎవరో చెప్తే అప్పటికి రెండుసార్లు నాకు గుండు చేయించారు. రెండుసార్లూ ఆ మెలికలే మళ్లీ వచ్చాయి. పైగా ఎంతకాలమైనా మెడ దాటి పెరిగేది కాదు.

మా వెనక వాడలో గొర్లు కాసుకునేవాళ్లు ఉండేవారు. వాళ్లు గొర్లకు ఉన్ని కత్తిరించే రోజుల్లో నేను అటుగా నీళ్లకు పోవాలంటే భయపడేదాన్ని. "ఓ గొర్రెబొచ్చూ, రావే, నీది గూడ గొర్గుతం!" అని పిల్లలంతా ఒకటే అరుపులు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని సామెత చెప్తారు. ఏ కొప్పూ నిలవని మాలాంటి వాళ్ల కోసం పెద్దలు ఏ సామెతా పుట్టించలేదు.

అమ్మను అనడానికి లేదు. మా ఇంట్లో చిటికి చీరలు నేసేవాళ్లు. నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచితే, ముడి కట్టినచోట రంగు ఎక్కకుండా పువ్వులు తేలతాయే, ఆ చీరలు. అలా ముడులు కట్టడానికి ముందు నూలును ఆసు మీద పోయాలి. ఆసు అంటే అర్ధచంద్రంలా మేకులు దిగ్గొట్టిన చట్టం. నడుమ ఉన్న మేకు నుంచి అంచున ఉన్న మేకుకు, మళ్లీ నడుమకు, ఒంటి చేత్తో దారాన్ని లాగుతూనే ఉండాలి. ఒక చీరకు ఆ చెయ్యి ఎన్ని వేలసార్లు తిరుగుతుందో ఎవరూ లెక్కపెట్టరు. మగ్గం మీద కూర్చున్న బాపు పనే పని కింద లెక్క. ఆసు పోయడం ఇంటిపనిలో ఒకటి, అంట్లు తోమినట్టు, అలుకు చల్లినట్టు. అమ్మ పొద్దున్నే పొయ్యి రాజేసి, నీళ్లు మోసి, ఆసు ముందు కూర్చోబోయే ముందు దొరికిన ఆ కాసింత సందులో నా తల పట్టుకునేది. పొడి జుట్టులో పేన్ల దువ్వెన పెట్టి, నెత్తి మీద నుంచి కిందికి ఒక్క గుంజు గుంజేది. తెగిన వెంట్రుకలు గడప కింద నల్లగా ఉండలు ఉండలుగా పడేవి.

ఒక పొద్దున అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన నేతవాళ్ల ఇంట్లోనే వస్తుంది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఆరాక ఒక్కో పోగూ గీత గీసినట్టు నిలబడుతుంది. అంత పెంకి నూలే గంజికి లొంగితే ఈ జుట్టెంత అనుకుంది అమ్మ. మిగిలిన గంజిని నా తలకు పట్టించి, కుంచెతోనే వెనక్కి దువ్వింది. అద్దంలో చూసుకుంటే జన్మలో మొదటిసారి నా జుట్టు సాపుగా ఉంది. బడి దాకా గాల్లో తేలుతూ పోయాను. ఎండ ఎక్కేసరికి అది అట్ట కట్టింది, ఈగలు ముసిరాయి, తల తిప్పితే చర్మం పీకింది. ఇంటికి వచ్చాక దువ్వెన పెడితే జుట్టు ఎండు గడ్డిలా పటపటా విరిగింది. చెవి వెనక ఒకచోట అరచేతి మేర బోసిపోయింది. తన చేతిలోకి వచ్చిన ఆ కుచ్చును చూసి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ సాయంత్రమే అమ్మ మొక్కుకుంది. వచ్చే జాతరకు మూడోసారి నా తలనీలాలు ఇస్తానని. నాకు పట్టరానంత దుఃఖం వచ్చింది. జాతర అయిన కొద్ది రోజులకే నేను చిట్యాల పెద్దబడికి పోవాలి. అక్కడ నన్నెరిగిన వాళ్లు ఎవరూ ఉండరు, గొర్రెబొచ్చు అనేవాళ్లూ ఉండరు అనే ఆశతోనే రోజులు ఈడుస్తున్నాను. తెలియని ఆడపిల్లల నడుమకు బోడి తలతో పోవాలంటే బడి మానేయడమే మేలనిపించింది. మానేస్తానని చెప్పాను కూడా. మానేస్తే ఆసు నేర్చుకో అన్నాడు బాపు. ఆ తర్వాత బడి మానే మాట ఎత్తలేదు. అమ్మ చెయ్యి రోజంతా ఎట్లా తిరుగుతుందో నేను చూస్తూనే ఉన్నాను కదా.

అవ్వ ఆ మాటలన్నీ విన్నది. మర్నాడు నన్ను పిలిచి, నా మెడ వెనకాల ఒక చిన్న పాయను విడదీసింది. తడిపి, ఆముదం రాసి, వేళ్లతోనే చిక్కు తీసి, మొదలు నుంచి కొస దాకా మెత్తటి నూలుతో చుట్టింది. చిటికి కట్టేవాళ్లు నూలును చుట్టినట్టే, సందు లేకుండా. తర్వాత కోడలిని కేకేసి, ఎదురు చెప్పడానికి వీల్లేని గొంతుతో ఒక మాట చెప్పింది.

"గిది మొక్కు పాయ. జాతర దాక దీనికి దువ్వెన తగలొద్దు. తగిలితే నాకు తెల్వది మల్ల."

అమ్మ భయభక్తులు ఉన్న మనిషి. ఆ పాయను కళ్లకద్దుకున్నంత పని చేసి వదిలేసింది. మిగతా జుట్టును మాత్రం ఎప్పటిలాగే గుంజింది. జాతర దాకా ఆరేడు నెలలు, వారానికోసారి అమ్మ నీళ్లకు పోయినప్పుడు అవ్వ నన్ను పెరట్లోకి తీసుకుపోయి ఆ నూలు విప్పేది. మళ్లీ తడిపేది, ఆముదం రాసేది, కొస నుంచి మొదలు వైపుకు మెల్లగా వేళ్లు పోనిచ్చేది, మళ్లీ చుట్టేది. ఆ కాసేపూ నాకు నిద్ర ముంచుకొచ్చేది. తలను ముట్టుకుంటే నొప్పి పుట్టకపోవడమనేది కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఏం చేస్తున్నావు అవ్వా అంటే, నోరు మూసుకొని కూసో బిడ్డా అనేది.

జాతరకు బయల్దేరే పొద్దు రానే వచ్చింది. బండి కట్టారు. అమ్మ పసుపు బట్టలో కొబ్బరికాయలు సర్దుతోంది. నేను మూలకు కూర్చొని వెక్కుతున్నాను. అవ్వ నన్ను వాకిట్లోకి లాక్కొచ్చి, చెంబెడు నీళ్లు తల మీద పోసి, అందరి ముందూ ఆ పాయ నూలు విప్పింది. విప్పి, మెలికలు సాగేలా కిందికి పట్టుకుంది. పక్కనున్న ఇంకో పాయను కూడా అట్లే సాగదీసి పట్టుకుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దువ్వెన తగలని పాయ రెండోదాని కంటే బెత్తెడు పొడుగుంది.

అమ్మ దగ్గరికి వచ్చింది. నమ్మలేనట్టు ఆ పాయను రెండు వేళ్లతో పట్టుకొని కొస దాకా తడిమింది.

"ఏం మందు రాసినవత్తా?"

"మందు లేదు మాకు లేదు. దాని జుట్టు ఎప్పుడూ పెరుగుతనే ఉన్నది. పెరిగింది పెరిగినట్టు తెగుతాంది. గీ ఒక్కదాన్ని నువ్వు ముట్టుకోలే, గంతే."

నాకు గంతులేయాలనిపించింది. గుండు తప్పిందని నాకు అర్థమైపోయింది. కానీ అమ్మ ముఖం చూశాక ఆ సంతోషం ఎటు పోయిందో పోయింది. ఎవరు ఎంత తిట్టినా అమ్మ ముఖం అట్లా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. చేతిలోని కొబ్బరికాయను కింద పెట్టి, అరుగు మీద కూలబడి, తన అరచేతులు తిప్పి చూసుకుంది. "ఇన్నొద్దుల సంది నేనే తెంపుకుంట వచ్చిన్నా నా బిడ్డ జుట్టు" అని గొణుక్కుంది. తర్వాత గట్టిగా ఏడ్చింది. బండి దగ్గర నిలబడ్డ బాపు ఏమీ అర్థంకాక ఎద్దుల మెడలు నిమురుతూ ఉండిపోయాడు.

తన మాట గట్టిగా తగిలిందని అవ్వకు తెలిసింది. పక్కన కూర్చొని కోడలి కుడి భుజం మీద చెయ్యి వేసింది. ఆసు లాగి లాగి ఆ భుజం రాత్రిళ్లు కూడా సలుపుతుండేది.

"పోగు తెగితే పోగును తిడుతమా పిల్లా? చెయ్యి అలిసిందని సూస్తం. నీ చెయ్యి అలిసింది. నాకు తెల్వదా, నేనూ లాగిన్నాయె."

ఆ జాతరలో గుండుకు బదులు నా జుట్టు కొసలు మూడు కత్తెర్లు మాత్రం ఇచ్చి మొక్కు తీర్చుకున్నారు. దేవుడు దానికే సంతోషిస్తాడని అవ్వ పూజారికి కూడా ఎదురు చెప్పే అవకాశం ఇవ్వలేదు. నేను జుట్టుతోనే ఇంటికి వచ్చాను.

అయితే నేను చెప్పాలనుకున్నది ఆ మర్నాటి సంగతి. పొద్దున్నే అమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టుకుంది కానీ దువ్వెన ముట్టడానికి భయపడింది. ఈ పని ఇక నువ్వే చెయ్యి అత్తా అంది. ఆమె నాయినమ్మ, జుట్టు ఆమెది, విద్య ఆమెది, సంతోషంగా ఒప్పుకోవచ్చు. అవ్వ ఒప్పుకోలేదు. ఆముదం గిన్నె అమ్మ చేతికిచ్చి, తాను పోయి ఆసు ముందు కూర్చుంది. భుజం పడిపోయి ఎన్నో ఏళ్ల కిందటే ఆ పని మానుకున్న మనిషి. చట్టాన్ని దగ్గరికి లాక్కొని, ఒకసారి మూలిగి, దారం అందుకుంది.

"నువ్వు నిమ్మలంగ సెయ్యి. అయ్యేదాక నేను లాగుత" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆ పొద్దున అమ్మ నా తల తడిపింది. వేళ్లతో తడుముతూ కొసల దగ్గర మొదలుపెట్టింది. ఎక్కడ చిక్కు తగిలినా ఆగింది. తొందర లేని అమ్మ చేతులు ఎట్లా ఉంటాయో నేను అంతకుముందు ఎరగను. అవి మెత్తగా లేవు, నూలు ఒరిసి ఒరిసి గరుకుగానే ఉన్నాయి. అయినా నొప్పి లేదు. వెనకాల ఆసు మీద అవ్వ చెయ్యి తిరుగుతున్న చప్పుడు, మధ్యమధ్య ఆమె మూలుగు వినిపిస్తూ ఉన్నాయి. నేను పెద్దబడికి పోయేదాకా, పోయాక కూడా, అవ్వ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ పొద్దుటి ఆసు ఆమెదే. నా జుట్టు నడుము దాకా రాలేదు కానీ భుజాలు దాటి వీపు మీదికి దిగింది. ఎవరి జుట్టని అడిగితే మా అవ్వదని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, అది అమ్మకు దొరికిన తీరిక అని చెప్పాల్సింది.

ఇప్పుడు నేను నల్లగొండలో నా కూతురి దగ్గర ఉంటున్నాను. మాకు రాష్ట్రం వచ్చింది, ఇంటింటికీ నల్లా వచ్చింది. అంతకు ముందు ఏళ్ల తరబడి మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మోకాళ్లు మాత్రం బిగుసుకుపోయాయి, వాటికి ఏ నీళ్లు పోసినా ఒకటే. మనవరాలికి నా జుట్టే వచ్చింది. పొద్దున్నే స్కూలు బస్సు ఒకవైపు, కుక్కర్ విజిల్ ఒకవైపు, ఆఫీసు ఫోను ఒకవైపు. నా బిడ్డ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో దువ్వెన పట్టుకొని పొడి జుట్టును నెత్తి నుంచి గుంజుతుంది. వేలు పోసి స్ట్రెయిటెనింగ్ చేయిస్తే పీడా పోతుందని విసుక్కుంటుంది.

తడపమని, కొస నుంచి మొదలుపెట్టమని, వేళ్లు వాడమని నాకు చెప్పడం రాక కాదు. మొదట్లో చెప్పాను కూడా. ఆ వేళప్పుడు ఎంత మంచి మాటైనా తిట్టులాగే తగులుతుంది. ఆమె ముఖంలో మా అమ్మ ముఖం కనపడి, చెప్పడం మానుకున్నాను. ఏ పనీ చేయకుండా హాయిగా కూర్చోవాల్సిన వయసు నాది. దవాఖానలో డాక్టరు కూడా అదే చెప్పాడు. నిజంగా అలసిపోయాను. కొన్ని పొద్దులు మంచం దిగాలంటేనే ఏడుపు వస్తుంది.

అయినా గోడ పట్టుకొని లేస్తాను. వంటింట్లోకి పోయి స్టవ్ తగ్గిస్తాను, టిఫిను డబ్బాలు సర్దుతాను, ఫోను మోగితే అవతలివాళ్లను కాసేపు ఆగమంటాను. "నువ్వు నిమ్మలంగ సెయ్యి బిడ్డా, గివి నేను సూస్త" అంటాను. హాల్లో నా బిడ్డ దువ్వెన పక్కన పెట్టి, నేను తెచ్చిపెట్టిన నీళ్ల చెంబులో చెయ్యి ముంచుతుంది.