పాన్ నెంబరుకు భయపడి తగ్గించిన కిరాయి

పటాన్‌చెరు బజార్లో కిరాణం నడిపే కిషన్‌రావు పోయిన ఏప్రిల్లో బీరంగూడలోని తన సొంత ఇంట్లో, మెట్ల కింది మోటరు గదిలో, ముప్పావు గంట సేపు ఉండిపోయాడు. లోపలికి తనంతట తనే వెళ్లాడు. బయట గడియ పెట్టింది మాత్రం కిరాయికున్న విఘ్నేశ్వర్, కుక్కలు దూరుతున్నాయని. చివరికి ట్యాంకుకు నీళ్లెక్కిద్దామని అతని భార్య పూజ వచ్చి తలుపు తీసింది.

"అంకుల్, మీరా? మోటర్ చూడనీకె వచ్చిండ్రా?"

"ఆఁ అమ్మా. మంచిగనే నడుస్తుంది" అని చెప్పి, నెత్తి మీది బూజు దులుపుకొని, గల్లీ చివర పెట్టిన స్కూటరెక్కి వెళ్లిపోయాడు. మోటరు అప్పటికింకా వెయ్యనేలేదు.

కిరాయి కట్టలేక ఓనరుకు కనపడకుండా తిరిగేవాళ్లు మా వైపు ప్రతి గల్లీలోనూ ఉంటారు. ఇల్లు చూసిపోదామని వచ్చి, కిరాయిదారు బండి చప్పుడు విని దాక్కున్న ఓనరు మాత్రం నాకు తెలిసి ఈయనొక్కడే. సంగతి పెద్దదేం కాదు. విఘ్నేశ్వర్ ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాడు. ఇంటి కిరాయి రసీదులు చూపిస్తే అతని జీతం మీద పన్ను కొంత తగ్గుతుంది. అయితే ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనరు పాన్ నెంబరు కూడా రాసివ్వాలని ఆఫీసు వాళ్లన్నారు. కిరాయి నెలకు పన్నెండువేలు, కాబట్టి లక్ష దాటుతుంది. ఆ నెంబరు కోసమే అతను ఓనరును వెతుకుతున్నాడు. నెంబరు చేతులు మారిన మర్నాడే ఇన్‌కంట్యాక్స్ వాళ్లు జీపులో దిగుతారని కిషన్‌రావు భయం. అంతకుముందు ఎవరింటికైనా అలా వచ్చారా అంటే, ఎవరింటికీ రాలేదు.

నిజానికి ఆ ఇల్లు కొన్నది కాస్త కూర్చుందామని. ముప్పై ఏళ్లుగా గల్లా ముందర నిలబడి మోకాళ్లు పట్టేశాయి. ఎదురుగా సూపర్ మార్కెట్ వెలిసింది. "ఇల్లు కొందాం విజయా. అది పని చేస్తది, మనం కూసుందాం" అన్నాడు భార్య విజయకుమారితో. బ్యాంకు లోన్ తీసుకొని కొన్నాడు. కొన్నప్పటి నుంచి కూర్చున్న పాపాన పోలేదు. ఒకసారి నల్లా లీకంటారు, ఒకసారి డ్రైనేజీ నిండిందంటారు, ఇంకోసారి ఇంటి పన్ను మీద నోటీసంటారు. పిలుపు రాగానే మధ్యాహ్నం షట్టరు సగం దించి, హైవే మీద లారీల మధ్య ఆ దుమ్ములో ఆ పొగలో స్కూటరు తోలుకుంటూ వెళ్లడం, చీకటి పడ్డాక కళ్లు మండుతుంటే తిరిగొచ్చి మళ్లీ షట్టరెత్తడం.

మోటరు గది సంగతయిన వారానికి విఘ్నేశ్వర్ నేరుగా దుకాణానికే వచ్చాడు.

"అంకుల్, మీరు నెంబరియ్యకుంటే మేం వేరే ఇల్లు చూసుకోవాల్సొస్తది. ఇంద్రేశంల ఒకాయన ఇస్తనన్నడు."

కిషన్‌రావు అప్పుడు కందిపప్పు జోకుతున్నాడు. కాంటా మీద నాలుగు గింజలెక్కువైతే తీసి డబ్బాలో వేసే మనిషి. అటువంటి మనిషి ఒక్క క్షణం ఆలోచించి, "లక్ష దాటితేనే కద బాబూ నెంబరు? ఎనిమిదివేల మూడొందలియ్యి. లక్ష దాటదు. ఇగ పాన్ లేదు, గీన్ లేదు" అన్నాడు.

విఘ్నేశ్వర్‌కు తను తప్పు విన్నాననిపించింది. "ఎందుకంకుల్?"

భయమని ఎలా చెబుతాడు? "ఎందుకేంది? కొత్తగ పెండ్లయినోళ్లు. మా పిల్లల లెక్కనే గద" అన్నాడు. పదకొండు నెలల అగ్రిమెంటు ఆ పూటే రాసేశారు.

విజయకుమారి విని, "మీకేమన్న అయిందా? నెలనెలా గంత ఇడిసిపెడ్తరా?" అంది.

"ఇన్‌కంట్యాక్సోళ్లకు పెట్టేది ఆ పిల్లలకు పెట్టిన. తప్పా?" అన్నాడు కిషన్‌రావు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆయన హాయిగా నిద్రపోయాడు.

జూలైలో సంగప్ప దగ్గరికి వెళ్లాడు. సంగప్ప బజారు దుకాణదారులందరి రిటర్నులు నింపే మనిషి. పనైపోయాక కిషన్‌రావు గొంతు తగ్గించి, మాటవరసకన్నట్టు, వచ్చే ఏడు కిరాయి చూపిస్తే ఎంత పడుతుందని అడిగాడు.

"కిరాయిల ఇంటి పన్ను తీసేయాలె. మిగిలిన దాంట్ల మరమ్మతులకని వందకు ముప్పై తీసేస్తరు, మీరు చేయించిండ్రా లేదా అని అడగరు. ఇగ లోన్ వడ్డీ ఉండనే ఉండె. చూపెట్టాలె గని, కట్టేదేం లేదు సేటు."

"పన్నెండువేలు తీసుకున్నా?"

"తీసుకున్నా. దుకాణం ఆమ్దానీ కలిపినా ఏం పడదు."

"జెర మళ్ల చూడు సంగప్పా."

పన్ను లేదంటే మళ్లీ చూడమన్న మనిషి సంగప్పకు అదే మొదటిసారి తగలడం. మళ్లీ చూశాడు. ఏమీ పడలేదు. కిషన్‌రావు బయటికొచ్చి స్కూటరు పక్కనే చాలాసేపు నిలబడ్డాడు. పన్ను లేనందుకు సంతోషించాలో, సర్కారు లెక్కలో కూడా తనకు మిగిలేదేమీ లేదని తేలినందుకు ఏడవాలో తెలియలేదు.

అగ్రిమెంటు రాసిచ్చాక చేసేదేముంది? లోన్ వాయిదాకు తక్కువ పడిన డబ్బు దుకాణం నుంచి పోతూ వచ్చింది. చలికాలం వచ్చేసరికి అరల్లో నూనె ప్యాకెట్లు వెనక వరుస లేకుండా ముందు వరుస మాత్రమే నిలబడ్డాయి. పాత కిరాయి మళ్లీ రాకపోతే ఉగాదికి సరుకు దింపలేమని విజయకుమారి తేల్చి చెప్పింది.

ఫిబ్రవరి ఆఖర్న, అగ్రిమెంటు తీరే ముందు, కిషన్‌రావు పాన్ కార్డు జిరాక్సు జేబులో పెట్టుకొని బయల్దేరాడు. నెంబరు ఇస్తే అతనికి లాభం, కిరాయి పెంచితే మనకు న్యాయం. దారి పొడుగునా ఆ రెండు ముక్కలే అనుకుంటూ వెళ్లాడు.

"పాన్ కార్డు తెచ్చిన బాబూ" అన్నాడు గడపలోనే.

"ఇగ దాంతోని పనిలేదంకుల్. వచ్చే సంవత్సరం నుంచి పన్ను కొత్త పద్ధతిలకు మారుతున్న. అండ్ల కిరాయి రసీదులు చూడరంట" అన్నాడు విఘ్నేశ్వర్ నవ్వుతూ.

మొదటి ముక్క అక్కడే పోయింది. రెండోదానికి నోరు తెరిచేలోగా లోపలి నుంచి పూజ వాళ్లమ్మ కౌసల్యమ్మ చెంగు సర్దుకుంటూ వచ్చింది. జోగిపేట అవతల ఊరు, పొద్దున్నే బస్సెక్కి వచ్చిందట.

"నువ్వేనా అన్నా ఓనరువి? అడగకముందే కిరాయి తగ్గించిండంటే మా ఊర్ల ఎవ్వలు నమ్మలే. మనిషిని చూసిపోదామని వచ్చిన. నీ దయ మరువమన్నా."

"అయ్యో, దాందేముందమ్మా" అన్నాడు కిషన్‌రావు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇంకేం అడుగుతాడు?

పొద్దుగూకే వేళకు దుకాణం చేరాడు. గల్లా ముందర విజయకుమారి కూర్చుని ఉంది. మొహం చూడగానే ఆమెకు అర్థమైంది.

"అడగకుండనే వచ్చిండ్రా? బ్యాంకోళ్లు మనకేమన్న తగ్గిస్తరా? ఒక్క మాట అడుగనీకె మీకు నోరెందుకు రాదు?"

కిషన్‌రావు చేతిలోని సంచి బల్ల మీద పెట్టాడు.

"చిక్కుడుకాయలిచ్చిండ్రు విజయా."