'లుక్ ఆఫ్టర్' పాఠం, సరిత తమ్ముడు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి జూన్‌లో నర్సింహులపేట మండలంలోని ఒక హైస్కూలుకు ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌గా బదిలీ అయ్యాను. పేరు విని సహాయకురాలేమో అనుకుంటారు కొందరు. పదో తరగతి దాకా ఒక సబ్జెక్టు బరువంతా మోసేది ఆ ఉద్యోగమే.

ఫ్రేజల్ వర్బులంటే పిల్లలకు హడల్. 'లుక్' అంటే చూడడం. దాని పక్కన 'ఫర్' చేరితే వెతకడం, 'ఆఫ్టర్' చేరితే బాగోగులు చూసుకోవడం. గైడులోంచి బట్టీ పట్టించడం నాకు చచ్చినా నచ్చదు. మీ ఇంట్లో ఎవరు ఎవర్ని చూసుకుంటారో అదే వాక్యంగా చెప్పమన్నాను. ఒకడు బర్రెలన్నాడు, ఒకమ్మాయి నానమ్మ అంది. తండా నుంచి వచ్చే సరిత లేచి, తమ్ముణ్ణి చూసుకుంటానని తప్పు లేకుండా చెప్పింది. జనవరి నెల అది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

వారం చూసి తండాకు వెళ్లాను. మిరపకాయ ఏరుడు మొదలైంది. వాళ్లమ్మ ఏమీ దాచలేదు.

"చేన్ల ఘాటుకు పిల్లగాడు ఆగుతలేడు మేడం. అంగన్‌వాడీల మూడేండ్లు నిండాలంటరు. ఇగ ఎవలు జూడాలె?"

మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. అవి తప్పితే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. తమ్ముణ్ణి కూడా తెచ్చుకోమన్నాను.

మా హెడ్మాస్టరు మండిపడ్డారు. "గిది హైస్కూలా, అంగన్‌వాడీనా మేడం?"

"హాజరైతే పెరుగుతది గద సార్" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ, కాదనలేదు. వాడు వెనక బెంచీ పక్కన గోనెసంచి మీద కూర్చుని చాక్‌పీసులు నమిలేవాడు. ఏడిస్తే దగ్గరున్న పిల్ల ఎత్తుకునేది. సరిత రాత ఆపేది కాదు.

పరీక్ష కేంద్రంలోకి మాత్రం చంటివాణ్ణి రానివ్వరు. మిగతా పేపర్లకు వాళ్లమ్మ కూలి మానుకుంది. ఇంగ్లిష్ రెండో పేపరు నాడు కూలీల మేస్త్రి ఊరుకోలేదు. ఏ సబ్జెక్టు పరీక్ష ఉంటే ఆ సబ్జెక్టు టీచర్లకు ఆ రోజు ఇన్విజిలేషన్, అంటే పరీక్ష గదిలో కాపలా డ్యూటీ, వేయరు. అలా ఖాళీగా ఉన్నాను కాబట్టి గేటు బయట ఆటో నీడలో వాణ్ణి ఎత్తుకుని నిలబడ్డాను. అబ్బో, ఏం గొంతు! బిస్కెట్టు వద్దు, నీళ్లు వద్దు, నా కళ్లజోడే కావాలి. ఇచ్చాను, విరిచాడు. ఆ ఏడుపు విని వాళ్లక్క ఎక్కడ లేచి వస్తుందోనని నాకు ఒకటే భయం. ఆఖరి గంట కొట్టాకే వచ్చింది. పాసైంది.

బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు విలువ చెప్పి రావడం మా వృత్తిలో ఆనవాయితీ. ఆ విలువ సరిత వాళ్లమ్మకు తెలుసు. పిల్లాణ్ణి పట్టుకునే మనిషే లేదు. రిటైరయ్యేదాకా అలాంటి ఇంటికి వెళ్లినప్పుడల్లా, ముందు ఆ ఇంట్లో చంటిపిల్లలు ఎందరని అడిగేదాన్ని.