ఏడు దెబ్బల మిషన్

మా ఆటలో కథానాయికకు యాభై నాలుగేళ్లు. ఒక చెవి సరిగా వినపడదు, మోకాళ్ల నొప్పులు, చేతిలో టిఫిన్ క్యారియర్. ఆమె తాళానికి తగ్గట్టు అడుగు వేస్తేనే ఊళ్లో ఏదైనా కదులుతుంది. బస్సు తలుపు తెరుచుకుంటుంది, ఫ్యాక్టరీ గేటు లేస్తుంది. తాళం తప్పిన ప్రతిసారీ శబ్దం కొంచెం తగ్గుతుంది. మరీ తప్పితే అసలు ఏమీ వినపడదు. అప్పుడు కూడా ఆడవచ్చు, చేతిలోని కంట్రోలర్ అదురును బట్టి. ఇలాంటి వీడియోగేమ్ ఎవరు కొంటారని చాలామంది అడిగారు. ఇంకా అమ్మకానికి రాలేదు. ఆమెను మాత్రం మార్చలేదు.

ఆ కథానాయిక మా అమ్మ. మా ఊరి శివారు మేట్టుపాళయంలో డబ్బాల మూతలు చేసే కంపెనీలో పందొమ్మిదేళ్లు ప్రెస్ మిషన్ మీద పనిచేసింది. రేకు లోపల పెట్టాలి, చెయ్యి వెనక్కి తీయాలి, పైనుంచి ఇనుప దిమ్మె పడుతుంది, మూత బయటికి లాగి మళ్లీ రేకు పెట్టాలి. కాలికింద పెడల్ నొక్కిపట్టి ఉంచితే దిమ్మె తనంతట తాను పడుతూ లేస్తూ ఉంటుంది. చెప్పిన లెక్కకు మూతలు రావాలంటే అందరూ అలాగే నడపాల్సి వచ్చేది. లెక్క తప్పితే వేళ్లు పోతాయి. అమ్మకు పది వేళ్లూ ఉన్నాయి. ఎడమ చెవి మాత్రం ఆ చప్పుడుకే పోయింది. కంపెనీ మూసేశాక కూడా అమ్మ పాదం ఊరుకోలేదు. ఉప్పళంలోని మా ఇంట్లో కూరగాయలు తరుగుతున్నంతసేపూ నేలమీద తడుతూనే ఉండేది.

అదేదో అలవాటు అనుకున్నాను గానీ, దాన్ని మొదట లెక్కపెట్టింది నా స్నేహితురాలు. యానాం నుంచి చదువుకోవడానికి వచ్చి, నాతోపాటే ఇక్కడ ఉద్యోగంలో చేరింది. చిన్నప్పుడు నాలుగేళ్లు మృదంగం నేర్చుకుందట. ఒక ఆదివారం మా ఇంట్లో అన్నం తింటూ తినడం ఆపేసి అమ్మ పాదం వైపే చూసింది. మూడు, రెండు, రెండు. మళ్లీ మూడు, రెండు, రెండు.

"ఆంటీ, మీరు మిశ్రచాపు వేస్తున్నారండీ, ఏడు దెబ్బల తాళం," అంది.

"అదేందో నాకు తెలీదు మ్మా. ఇది మిషన్," అంది అమ్మ.

ఆఫీసు పని కాకుండా మాకంటూ ఒక ఆట చేసుకోవాలని ఇద్దరం అప్పటికి ఏడాదిగా అనుకుంటున్నాం. ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాం. కోడ్ ఆమెది, బొమ్మలూ శబ్దాలూ నావి. మాటలు అమ్మ గొంతులో రికార్డు చేశాం. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ ఎవరికీ చదవడం రాదు. నేను బళ్లో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నాకు ఆ స్నేహితురాలే నేర్పింది, ఆటలో మాటలు రాసుకోవడం కోసం. నేను 'యాడ' అని రాస్తే ఆమె 'ఎక్కడ' అని దిద్దేది. నేను చెరిపేసి మళ్లీ 'యాడ' అని రాసేదాన్ని. ఆటలో మాట్లాడేది మా అమ్మ, మీ తెలుగు టీచర్ కాదు అన్నాను. రెండు వారాలు పోట్లాడుకున్నాక దిద్దడం మానేసింది.

మూడు దశలు పూర్తయ్యాక నమూనాను కొన్ని కంపెనీలకు పంపాం. ఒక పబ్లిషర్ దగ్గర పనిచేసే ఆయన వీడియో కాల్‌లో మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆట బాగుందన్నాడు. అయితే ఏడు దెబ్బల తాళం జనానికి అందదు, నాలుగుకు మార్చమన్నాడు. పెద్దావిడ బదులు పదహారేళ్ల అమ్మాయిని పెట్టమన్నాడు. కావాలంటే పెద్దావిడ మధ్యమధ్యలో కనిపించి సలహాలు ఇవ్వవచ్చట. శబ్దం తగ్గిపోవడం ఆడేవాళ్లకు చిరాకు కాబట్టి తీసేయమన్నాడు. ఇవన్నీ చేస్తే ఒప్పందం సిద్ధం.

నా స్నేహితురాలు ఒప్పుకుందామంది. ఫోన్ చేసినప్పుడల్లా గవర్నమెంటు పరీక్షలు ఎప్పుడు రాస్తావని యానాంలో వాళ్ల నాన్న అడుగుతున్నాడు. ఒక పబ్లిషర్ పేరు చెప్పగలిగితే ఆ ప్రశ్న ఆగుతుందని ఆమె ఆశ. నేను కాదనలేదు. కాదనలేదంటే సగం ఒప్పుకున్నట్టే. ఆ వారమంతా కూర్చుని ప్రెస్ మిషన్ దశను నాలుగు దెబ్బలకు మార్చాను. నిజం చెప్పాలంటే సులువుగా మారింది. వినడానికి హాయిగా కూడా ఉంది. సినిమా పాటలా ఉంది.

అమ్మకు ఏమీ చెప్పకుండా కంట్రోలర్ చేతికిచ్చాను. అంతకుముందు ప్రతి మార్పునూ ఆమే ఆడి చూసేది. ఈసారి అర నిమిషం ఆడి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని నా మొహం చూసింది.

"ఇది మిషన్ కాదు. దీన్ని నమ్మి చెయ్యి పెడితే వేలు పోతాది."

సిగ్గేసింది. జరిగిందంతా చెప్పాను. పదహారేళ్ల అమ్మాయి సంగతి కూడా. అమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె, ఆ పిల్ల మిషన్ మీద ఎన్నేళ్లు పనిచేసిందని అడిగింది.

మరుసటి ఆదివారం స్నేహితురాలు వచ్చి, సంగతి విని, ఇద్దరం కలిసి పెట్టుకున్న ఆట గురించి మీ అమ్మ ఒక్కతే నిర్ణయిస్తే ఎలా అంది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. అమ్మ ఆ మాట విన్నదో లేదో తెలియదు. చపాతీ కర్ర తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చుంది. బల్లమీద ఒక సీసా మూత పెట్టింది.

"ఇది రేకనుకో. నేను దిమ్మె దించతా ఉంటా. నువ్వు నాలుగు లెక్కపెట్టుకుని తీసి పెడతా ఉండు."

కర్ర తన పద్ధతిలో పడుతోంది, లేస్తోంది. స్నేహితురాలు నాలుగు లెక్కపెడుతూ మూత తీసింది, పెట్టింది. మూడోసారికి కర్ర వేళ్లమీద తగిలింది. మెల్లగానే తగిలింది గానీ ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. మళ్లీ చేసింది, మళ్లీ తగిలింది. అప్పుడు అమ్మ ఏమీ చెప్పకుండానే ఆమె పెదాలు మూడు, రెండు, రెండు అని కదిలాయి. ఆ తర్వాత ఎంతసేపు ఆడినా కర్ర ఆమెను ముట్టుకోలేదు. అమ్మ వేగం పెంచింది. అప్పుడు కూడా ముట్టుకోలేదు.

"సరి. ఇప్పుడు వాడికి రాయి," అంది అమ్మ.

ఆ ఉత్తరం నేను రాస్తానన్నాను. వద్దు, నేనే రాస్తానంది స్నేహితురాలు. నాలుగు వాక్యాలు రాసింది. తాళం ఏడు, ఆమె వయసు యాభై నాలుగు, శబ్దం తగ్గుతుంది, మీ సమయానికి కృతజ్ఞతలు. ఆయన శుభాకాంక్షలు చెప్పి ముగించాడు.

మూడు నెలల తర్వాత చెన్నైలో చిన్న కంపెనీల ఆటల ప్రదర్శన జరిగింది. మాకు మూలన, బాత్రూముల దారిలో ఒక బల్ల ఇచ్చారు. అమ్మ తనూ వస్తానని పట్టుబట్టి వచ్చింది. పొద్దుటి నుంచి ఆడినవాళ్లలో సగం మంది మిషన్ దగ్గరే ఓడి లేచిపోయారు. కొందరు ఓడి, వరుస చివరికి వెళ్లి మళ్లీ నిలబడ్డారు. మధ్యాహ్నం ఆ పబ్లిషర్ మనిషే వచ్చాడు. మమ్మల్ని గుర్తుపట్టి నవ్వి, కూర్చుని ఆడాడు. శబ్దం తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్ పాడైందనుకుని తీసి చూశాడు.

అమ్మకూ ఆయనకూ కలిసే భాష లేదు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆయన చేతి వెనుక రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టింది. మూడు, రెండు, రెండు. ఆయన తెరవైపే చూస్తూ ఆ దెబ్బలను పట్టుకున్నాడు. శబ్దం కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. ఆయన దశ దాటాడు.

బాగుంది, చాలా బాగుంది అన్నాడు. అయినా తన మాట మారలేదు. దీన్ని కష్టమైన పద్ధతిగా ఉంచి, మామూలు పద్ధతికి నాలుగు పెట్టవచ్చు కదా అన్నాడు. సులువైన పద్ధతి మా దగ్గర ఉందని నా స్నేహితురాలు ఇంగ్లీషులో జవాబిచ్చింది. అందులోనూ ఏడే, కాస్త నెమ్మదిగా వస్తుంది, అంతే. ఆయన తల ఊపి, అమ్మకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఆట అమ్మకాల సైట్లో 'త్వరలో' అని కనిపిస్తోంది. ఉద్యోగాలు వదల్లేదు. పొద్దున్నే ఒక గంట, సెలవు రోజుల్లో పూర్తిగా పనిచేస్తున్నాం. స్నేహితురాలు పరీక్ష రాయనని వాళ్ల నాన్నకు ఫోన్లోనే చెప్పేసింది. ఆయన పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు ఫోన్ చేసి, ఆ ఆట ఎలా ఆడాలో అడిగాడు. ప్రస్తుతం అరియాంకుప్పం వెళ్లే బస్సు దశ మీద ఉన్నాం. వంతెన ఎక్కేటప్పుడు బస్సు ఐదు దెబ్బలకు ఊగుతుందని అమ్మ అంటోంది. ఆరు అని నేను. తేల్చుకోవడానికి రేపు ముగ్గురం ఆ బస్సెక్కుతున్నాం.