రెండు వేళ్లు, పదిహేను సెకన్లు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా మేష్ట్రు పోయి ఇరవై రోజులైంది. పోయిన సాయంత్రమే క్లబ్బు గ్రూపులో రాయాల్సినవాళ్లంతా ఆయన మీద రాసేశారు. రాతలకన్నా ముందు ఒక గీత పెట్టారు. చివరి రోజు ఆయన చేతి వాచీ పట్టిన గుండె లెక్కట, పచ్చ రంగులో మెలికలు తిరుగుతూ ఉంది. కింద వరసగా దండాల బొమ్మలు. "చివరిదాకా యాభై ఎనిమిదే. ఏం గుండె!" అని ఒకాయన మెచ్చుకోలు. అది చూశాక నాకు అన్నం సహించలేదు. అందుకని రాస్తున్నాను. ఆ రోతలో నాకూ వాటా ఉంది, అదీ చెబుతాను.

వర్తూరులో నాది సైకిల్ షాపు. ఆయన ఇల్లు షాపు వెనక సందులోనే. ఒక ఫ్యాక్టరీ కొలనులో ముప్పై ఏళ్లు ఈత నేర్పి రిటైరైన మనిషి. తీరిగ్గా పేపరు చదువుకోవాల్సిన వయసులో ఐటీ వాళ్లు క్లబ్బు పెట్టుకుని వచ్చి ట్రయథ్లాన్ నేర్పమని పట్టుకున్నారు. అంటే ఈత, సైకిలు, పరుగు, ఒకదాని వెనక ఒకటి, నడుమ కూర్చునేది లేదు. "మా తాత చెరువు ఈది, సైకిలు తొక్కి, బస్సు వెనకాల పరిగెత్తి హొసకోటె సంతకు పోతావుండె. దానికి మెడలో పతకం ఏస్తారని తెలీకనే సచ్చిపోయినాడప్పా" అని నవ్వేవాడు. నవ్వి, ఒప్పుకున్నాడు.

ఆయన దగ్గర పనిముట్టంటూ ఒక్కటీ లేదు. కుడిచేతి రెండు వేళ్లు, అంతే. ఎవరైనా రొప్పుతూ వస్తే దవడ కింద, గొంతు పక్కన ఆ వేళ్లు ఆనించి కళ్లు మూసుకునేవాడు. గడియారం నాది. మా మామ పెట్టింది, రోజూ కీ ఇవ్వాలి. సెకన్ల ముల్లు చూస్తూ నేను "ఊఁ" అంటే ఆయన లెక్క మొదలు, పదిహేను సెకన్లకు మళ్లీ "ఊఁ" అంటే ఆపు. వచ్చినదాన్ని నాలుగింతలు చేయాలి. ఇలా మేమిద్దరం కలిసి ఒక యంత్రం. ఒకసారి ఆ కీ ఇవ్వడమే మరిచాను. ఒక అమ్మాయి లెక్క నడిమధ్యలో ముల్లు ఆగిపోయింది. నేను ముల్లునే చూస్తున్నాను, ఆయన లెక్కపెడుతూనే ఉన్నాడు. నూటపదికి వచ్చాక ఒక కన్ను తెరిచి, "ఏమప్పా, ఊఁ అనవా? ఈ పాప గుండె ఆగేదాకా ఎంచల్లనా?" అన్నాడు. ఆ అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. తర్వాత ముగ్గురం పడీపడీ నవ్వాం.

లెక్క తప్పితే ఎలా అని ఒకసారి అడిగాను. "తప్పనీప్పా. లెక్క కోసరం మనిషిని తాకుతాం గదా. చెమట సల్లగుండాదా, ఏలు వణుకుతా ఉండాదా, తెలుస్తాది. తాకినాక ఉత్త లెక్క ఎవురికి కావల్ల?"

క్లబ్బు కెప్టెన్ విజయవాడ వైపు కుర్రాడు. మంచివాడే, అదే నా బాధ. ఎడమ చేతికి పెద్ద వాచీ, ఛాతీకి గుండె లెక్క పట్టే ఒక పట్టీ. ఎంత నిద్ర పోయాడో పొద్దున్నే వాచీని అడిగి తెలుసుకునేవాడు. బాగా పడుకున్నానని అది చెబితే హుషారు, లేదంటే ఆ రోజంతా నీరసం. పోయిన ఏడాది హొసకోటె అవతల ఒక చెరువు దగ్గర పందెం. పంక్చర్లు వేయడానికి నేనూ వెళ్లాను. ఛాతీ పట్టీ ఇంట్లో మరిచిపోయి వచ్చాడు కెప్టెన్. ఈత అయింది, సైకిలు దిగాడు, పరుగుకి బూట్లు కట్టుకుంటున్నాడు. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. మేష్ట్రు వెళ్లి మెడ మీద వేళ్లు పెట్టాడు. నేను "ఊఁ" అన్నాను.

"నలభై ఎనిమిది" అన్నాడు మేష్ట్రు. "నాలుగింతలు చేసుకో. కూసోప్పా."

"లేదు మాస్టారూ, చూడండి, వన్ ఫార్టీ ఎయిట్. జోన్ త్రీలోనే ఉన్నా. బాడీ ఫైన్."

"పరిగెత్తేది నువ్వా, నీ వాచీనా?"

"మాస్టారూ, ప్లీజ్, టైమ్ పోతోంది!"

"వాచీని ఇప్పి ఈయనకియ్యి. అది పరిగెత్తి వస్తాది, నువ్వు కూసో."

భుజం నొక్కి కూర్చోబెట్టాడు. రెండు నిమిషాల్లో అతను వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయాడు. పందెం డాక్టరు వచ్చి, పరుగుకి పోయి ఉంటే మాటలు వేరేగా ఉండేవి అన్నాడు. తడి చేతి మీద, గుంతల రోడ్డు కుదుపులకు వాచీ అడుగున వెలిగే పచ్చ దీపం లెక్క దారి తప్పుతుందట.

ఇంత జరిగాక ఎవరైనా ఏం చేస్తారు? వీళ్లు మేష్ట్రుకి శాలువా కప్పి, వాచీ బహుమానం ఇచ్చారు! కొత్తది, ఇంకా పెద్దది. దాన్ని కెప్టెన్ తన ఫోనుకి కలుపుకున్నాడు. "ఇక మీ గుండె మా చేతిలో ఉంటుంది మాస్టారూ" అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. తీసి పారెయ్యమన్నాను. "పిల్లోళ్లు ఆశగా ఇచ్చినారు. తీసేస్తే నొచ్చుకుంటారు" అన్నాడు ఆయన. లేచి నడవమని అది చేతి మీద బుర్రుమన్నప్పుడల్లా సంగటి ముద్ద చేతిలో పట్టుకునే లేచి, వాకిలిదాకా పోయి వచ్చి మళ్లీ కూర్చునేవాడు. వందల మందిని ఈదించిన మనిషి! చూడలేకపోయేవాణ్ని.

ఆయన పోయిన రోజు అక్క, అంటే మేష్ట్రు భార్య, హొసకోటెలో చెల్లెలింటికి వెళ్లింది. మధ్యాహ్నం కాఫీకి పిలుద్దామని నేను వెళ్లాను. తలుపు తీసే ఉంది. పేము కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు, పేపరు పొట్ట మీద. "మేష్ట్రూ" అన్నాను. పలకలేదు. ఇంకోసారి పిలవబోతుంటే వెనక నుంచి కెప్టెన్ వచ్చాడు, ఏదో పందెం కాగితం పట్టుకుని. నా మొహం చూసి ఫోను తీశాడు.

"ఫిఫ్టీ ఎయిట్ ఉంది అంకుల్. డీప్ రెస్ట్. డిస్టర్బ్ చేయొద్దు."

ఇద్దరం మునివేళ్ల మీద బయటికి వచ్చాం. తలుపు చప్పుడు కాకుండా నేనే దగ్గరికి వేశాను.

మూడు గంటలకు అక్క వచ్చి నుదురు తాకింది. ఆమె అరుపు షాపుదాకా వినిపించింది.

మేం వెళ్లేసరికే పోయి ఉంటాడని డాక్టరు అన్నాడు. ఉంటాడు అన్నాడు, అంతే. "పాత రీడింగ్ అంకుల్, సింక్ అయి ఉండదు" అని కెప్టెన్ ఏడ్చాడు. అతన్ని ఏమనను? నా మణికట్టుకి గడియారం ఉంది, కీ కూడా ఇచ్చి ఉంది. నాకూ రెండు వేళ్లున్నాయి. ఇన్నేళ్లు పక్కన నిలబడి చూసినవాణ్ని, రెండడుగులు వేసి మెడ మీద చెయ్యి పెట్టలేదు. ఫోను మాట విన్నాను. ఈ గ్రూపులో గీతలు పెట్టేవాళ్లని చూస్తే ఎంత అసహ్యమో, అద్దంలో నన్ను చూసుకున్నా అంతే అసహ్యంగా ఉంది.

సంతాప సభలో నిమిషం మౌనం పాటించారు. ఆ నిమిషాన్నీ వాచీలతోనే కొలిచారు. నలుగురైదుగురి చేతులు ఒకేసారి బుర్రుమన్నాయి, అందరూ కూర్చున్నారు. నేను లేచి వచ్చేశాను.

మొన్న అక్క షాపుకి వచ్చింది. కొంగు ముడి విప్పి ఆ వాచీ బల్ల మీద పెట్టింది. "ఇది నువ్వే పెట్టుకోప్పా. ఇంట్లో ఉంటే నాకు ముద్ద దిగేల్యా" అంది. మేష్ట్రు పాత సైకిలు బ్రేకు పని కోసం నా దగ్గరే ఉంది, పోవడానికి వారం ముందు ఇచ్చాడు. ఎక్కడ పెట్టాలో తోచక వాచీని ఆ సైకిలు హ్యాండిల్ రబ్బరు పిడికి కట్టాను. కాసేపు కింద పచ్చగా మినుకుమంది. తర్వాత గుండె అరవై ఒకటి అని చూపించింది.

నేను స్టూలు మీద కూర్చుని బ్రేకు రబ్బర్లు మార్చాను.