గడువు దాటాక వచ్చేవాళ్ళు

విదేశీ బ్యాంకు ఖాతా సంగతి పన్నులవాళ్ళకి చెప్పాల్సిన గడువు దాటాక, ఆ మాట చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళంతా ఆడిటరమ్మ ముందు కుర్చీ అంచునే కూర్చుంటారు. ఆవిడ కళ్ళజోడు నెత్తిమీదికి తోసి, కంప్యూటరు పక్కకి తిప్పేసి, వాళ్ళ ముఖంలోకి చూస్తుంది. "పన్నులవాళ్ళు అడక్కముందే వచ్చారుగా, సగం గండం గడిచినట్టే," అంటుంది. ఆ ధీమాకి ఎంతటివాళ్ళైనా కుర్చీలో వెనక్కి వాలతారు. ఇవాళ వచ్చిన దర్జీ మాత్రం వాలలేదు.

"అది మా అక్క ఖాతా అమ్మా. ఆవిడ అక్కడే ఉంటుంది. నాది ఉత్త సంతకమే."

"మీ సంతకంతో డబ్బు బయటికొస్తుందా?"

"వస్తుంది."

"అయితే మీరూ చెప్పాల్సిందే. తెలియక చెప్పలేదని ఉన్నదున్నట్టు రాసిద్దాం. ఇంకా ఏమిటి భయం?"

దర్జీ తలుపు వైపు చూశాడు. అవతల బెంచీ మీద అతని భార్య కూర్చుని ఉంది. "మా ఆవిడకీ తెలియదమ్మా. అక్కకీ తనకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆ ముక్క కూడా మీరే ఎలాగోలా..."

"అది నా ఫీజులో లేదు."

ఆడిటరమ్మ లేచి తలుపు తీసింది. "లోపలికి రండమ్మా, మీవారు మీకేదో చెప్పాలట," అని, ఖాళీ అయిన బెంచీ మీద తాను కూర్చుంది.