కోటబొమ్మాళి సర్వరు, ఒంటిగంటా పది

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి కోటబొమ్మాళి సర్వరు పేరు పక్కన ‘స్కిప్’ అని వచ్చింది. ఏదో ఒక బ్రాంచికి తరచూ వచ్చేదే. పట్టించుకోలేదు.

నేను దయ్యాలను నమ్మను. ఇది రాస్తున్నప్పుడూ నమ్మడం లేదు.

మేం కంప్యూటర్ల పని చూసే విత్తనాల కంపెనీకి బ్రాంచికొక సర్వరు ఉంది. వాటికి చెయ్యవలసిన పనులన్నీ ఒక స్క్రిప్టులో వరసగా ఉంటాయి. భోజనాల వేళ అది మా గజపతినగరం ఆఫీసు నుంచి తనంతట తానే నడుస్తుంది. చివరి పని రీస్టార్ట్. దానికి మా బావ ఒక కండిషన్ పెట్టాడు. ఆ సర్వరులో ఎవరైనా లాగిన్ అయి ఉంటే రీస్టార్ట్ చెయ్యకుండా ‘స్కిప్’ అని చూపించి వదిలెయ్యాలి.

బావ, అంటే మా అక్క భర్త, నాకీ పని నేర్పినవాడు. ఆ కండిషన్ ఎందుకని అడిగాను.

“ఒరే, ఇస్తరాకు ముందు కూకున్నోణ్ని మజ్జిలో లేపుతామేటి? ఆడు లేచినాక సేసుకో” అన్నాడు.

కిందటి వేసవిలో బావ కోటబొమ్మాళి బ్రాంచిలో అన్నం తింటుండగా ఫోను వచ్చింది. వేరే బ్రాంచిలో నెట్ లైను పోయింది, వెంటనే వెళ్లమని. చెయ్యి కడుక్కుని బండి తీశాడు. హైవే మీద లారీ గుద్దింది. కేరేజీ సగం అన్నంతో అక్క దగ్గరికి వచ్చింది.

బావ లాగిన్ నేనే తీసేశాను. తర్వాత ఆ ఒక్క సర్వరూ రోజూ స్కిప్ అవుతోంది. ఒకరు లాగిన్ అయి ఉన్నట్టు చూపిస్తుంది. పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

బ్రాంచిలో పనిచేసే సూరమ్మ గారికి ఫోను చేసి, సర్వరు గదిలో ఎవరున్నారని అడిగాను.

“ఎవులూ నేరు బాబూ. గదికి తాళమేసి బయట నానే కూకున్నాను. రోజూ అడుగుతావు, నానేటి దొంగనా?”

కంపెనీ కొత్త సర్వరు ఇచ్చింది. పెట్టె విప్పింది నేను, అన్నీ ఎక్కించింది నేను. పాతదాంట్లోది ఒక్క ఫైలూ తేలేదు. మర్నాడు అదే వేళకు స్కిప్.

రీస్టార్ట్ కాక అప్‌డేట్లు పేరుకుపోయాయి. ఆ కండిషన్ తీసెయ్యమన్నాడు మా మేనేజరు. తియ్యకపోతే ఈ పని ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు.

ఆ సాయంత్రం అక్కకు చెప్పాను. చింతపండులో గింజలు తీస్తోంది. ఏ వేళకని అడిగింది. చెప్పాను. చేతిలో పని ఆపేసింది.

“అయితే మల్లీ లేపుతారేటిరా?” అంది.

నేను కండిషన్ ముట్టుకోలేదు. మేనేజరును బతిమాలి వేళ మార్పించాను. పొద్దున్న బ్రాంచి తియ్యకముందు నడిపితే కోటబొమ్మాళి సర్వరు మొదటిసారికే రీస్టార్ట్ అయింది. ఆ మధ్యాహ్నం ఊరికే చూశాను. ఒకరు ఉన్నట్టే చూపించింది.

ఏదో సాఫ్ట్‌వేర్ లోపం అంటాడు మేనేజరు. కావచ్చు. వెతికాను, నాకు దొరకలేదు.

కోటబొమ్మాళి సర్వరుని మధ్యాహ్నం పూట రీస్టార్ట్ చెయ్యడం లేదు. భోజనాల వేళ ఆ బ్రాంచికి మేం ఎవరమూ ఫోను కూడా చెయ్యడం లేదు.