నాయనమ్మ రేడియోకి నోరు పడిపోయింది

మా చిన్నప్పుడు... తెల్లారగానే నాయనమ్మ గోడ తడుముకుంటూ వచ్చి, బల్ల మీదున్న వాల్వుల రేడియో చెవి మెలిపెట్టేది. అది వేడెక్కి నోరు విప్పేదాకా ఓపిగ్గా ఎదురుగా కూర్చునేది. అప్పటికే ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. టీవీలో ఏం జరుగుతోందో ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి... రేడియో అయితే అన్నీ అదే చెప్పేది.

రెండువేల సంవత్సరానికి కాస్త అటూ ఇటూ... కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. ఓ రోజు కరెంటు ఉన్నట్టుండి ఎక్కువై, రేడియో నుంచి కమురు వాసన వచ్చింది. అంతే, మూగబోయింది.

విచిత్రం ఏంటంటే, లైటు వెలిగేది. స్టేషన్ దొరికితే ముడుచుకునే పచ్చ దీపం, పచ్చకన్ను అనేవాళ్ళం, అది కూడా పనిచేసేది. మాట మాత్రం లేదు! నాయనమ్మ రోజూ స్పీకర్ ముందున్న జాలీగుడ్డకి చెవి ఆనించి చూసేది.

"దానికి కన్నుంది, నోరు లేదు. నాకు నోరుంది, కళ్ళు లేవు. బాగానే కుదిరింది జోడీ!" అనేది. నవ్వుతూనే అనేది గానీ, అన్నం సరిగ్గా తినడం మానేసింది.

బాబాయి రేడియోని చిలకలూరిపేట తీసుకెళ్ళాడు. మెకానిక్ విప్పి చూసి, "అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందండీ. స్పీకర్‌కి సౌండ్ పంపేది ఇదే. ఇప్పుడెక్కడా దొరకదు" అన్నాడట. నిమ్మకాయంత ఇనపముద్ద కోసం ఇంత యాగీ!

మా వైపు ఏది కాలినా, కాలిన మోటార్లకి కొత్త తీగ చుట్టే వైండింగ్ షాపుకే పరిగెత్తుతారు. బాబాయీ అదే చేశాడు.

"ఐదు హార్సు మోటార్లు చుట్టేవోణ్ణి, ఇదెంతన్నా!" అన్నాడు షాపు మస్తాన్. లోపలి తీగేమో వెంట్రుకంత సన్నం... అతని దగ్గరున్నదేమో బోరు మోటార్ల తీగ. చుట్ట లావైపోయి, దాని మధ్యలో దూర్చాల్సిన ఇనప రేకులు సగం పట్టనే లేదు. "మిగిలితే మిగిలినయ్‌లే అన్నా" అని బిగించి ఇచ్చేశాడు.

ఆన్ చేస్తే కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. నాయనమ్మ రెండు చెవులూ మూసుకుంది. మా అందరికీ ఒళ్ళు మండిపోయింది.

చివరికి సింగరాయకొండలో మా మేనత్త వాళ్ళ అటక మీద, ఎలుకలు కొట్టేసిన అలాంటి రేడియోనే ఒకటి బయటపడింది. బాబాయి దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మళ్ళీ ఆ చిలకలూరిపేట మెకానిక్ పక్కనే కూర్చుని, అందులోని ట్రాన్స్‌ఫార్మర్ తీయించి మా రేడియోకి పెట్టించాడు.

పలికింది!

నాయనమ్మ పెట్టెని రెండు చేతులా పట్టుకుని, "వచ్చావా తల్లీ!" అంది. సౌండ్ నిండా పెట్టేసింది. ఆ పూట మారడిగి మరీ అన్నం తింది.

ఆ సాయంత్రమే... టీవీలో సీరియల్ మొదలైంది.

"అమ్మా, కాస్త తగ్గించవే! ఏం వినపడి చావట్లా!"

అన్నది ఎవరనుకున్నారు? ఆ రేడియో కోసం ఊళ్ళు పట్టుకు తిరిగిన బాబాయే! ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

నాయనమ్మ రేడియో చెవి అందుకుంది. తగ్గించుకుంటూ... తగ్గించుకుంటూ... మళ్ళీ ఆ జాలీగుడ్డకే చెవి ఆనించి కూర్చుంది. అది మూగగా ఉన్నప్పుడు కూర్చున్నట్టే.

ఇప్పుడు ఎవరి చెవుల్లో వాళ్ళకి ఇయర్‌ఫోన్లు. తగ్గించమనేవాళ్ళూ లేరు, పక్కవాళ్ళు ఏం వింటున్నారో అడిగేవాళ్ళూ లేరు...

మీ ఇంట్లో రేడియో చెవి ఎవరి చేతిలో ఉండేది? తగ్గించమని అరిచింది ఎవరు? కింద రాయండి. మా బాబాయి కూడా చదువుతాడు.